లింగం వస్తువుది కాదు, మాటది

ప్రశ్న: సూర్యుడు జర్మన్‌లో స్త్రీలింగం, ఫ్రెంచిలో పుంలింగం అంటారు. ప్రాణం లేనివాటికి లింగం ఏమిటి? హిందీలో దీన్ని తప్పుల్లేకుండా నేర్చుకునేదెలా?

జవాబు: లింగం మాటను బట్టి వస్తుంది. హిందీలో ‘కితాబ్’ స్త్రీలింగం, ‘గ్రంథ్’ పుంలింగం, రెండూ పుస్తకాలే. జర్మన్‌లో అమ్మాయిని చెప్పే ‘మేట్‌షెన్’ నపుంసకం. చిన్నదనాన్ని తెలిపే ‘షెన్’ చేరిన మాటలన్నీ అంతే.

హిందీలో ‘ఈ’తో ముగిసేవి ఎక్కువగా స్త్రీలింగాలు: రోటీ, నదీ. కానీ పానీ, ఘీ, మోతీ పుంలింగాలు. ‘ఆ’తో ముగిసేవి చాలావరకు పుంలింగాలే, అయితే సంస్కృతం నుంచి వచ్చిన భాషా, ఆశా స్త్రీలింగాలు. అందుకే మాటను ఒంటరిగా బట్టీపట్టకండి. ‘నయీ కితాబ్’, ‘ఠండా పానీ’ అని లింగాన్ని బట్టి మారే విశేషణంతో కలిపి నేర్చుకోండి.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ‘నే’ దగ్గర. జరిగిపోయిన పనిని చెప్పేటప్పుడు, కర్మ ఉన్న క్రియల్లో, పని చేసినవారి పేరుకు చేరే ప్రత్యయం ఇది. ‘రాముడు రొట్టె తిన్నాడు’ అనడానికి ‘రామ్ నే రోటీ ఖాయీ’ అనాలి. తిన్నది మగవాడే, అయినా క్రియ రోటీ వెంట నడుస్తుంది. కర్మకు ‘కో’ (మన ‘ను’ లాంటిది) చేరిస్తే మాత్రం క్రియ ‘ఖాయా’ అనే పుంలింగ రూపమే అవుతుంది.

ఈ తడబాటు సహజమే. తెలుగులో విభజన వేరు: మగవాళ్లను చెప్పే మాటలు మహత్తు, మిగతావి అమహత్తు. ఏకవచనంలో ‘ఆమె వచ్చింది, బండి వచ్చింది’ అని క్రియ ఒకటే. బహువచనానికి వచ్చేసరికి ఆడవాళ్లు మగవాళ్లతో కలిసి ‘వచ్చారు’, బళ్లు ‘వచ్చాయి’.