బ్యాటరీ లైటు వెలిగితే బ్యాటరీ కొనకండి

"కారు నడుపుతుండగా డ్యాష్‌బోర్డు మీద ఉన్నట్టుండి లైటు వెలిగితే వెంటనే ఆపేయాలా, మెల్లగా పోనివ్వచ్చా?" అని అడిగారు. ఏ లైటో చెప్పలేదు. అల్లావుద్దీన్ దీపంలాంటి ఎర్ర బొమ్మ అయితే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. ఆయిల్ ప్రెజర్ లేకుండా నడిపితే ఇంజిన్ సీజ్ అవుతుంది. ఎర్ర థర్మామీటరు బొమ్మకైనా అంతే. పసుపు ఇంజిన్ బొమ్మ నిలకడగా వెలిగితే ఇంటికెళ్లి రేపు చూపించుకోవచ్చు, మిణుకుమంటుంటే మాత్రం రేపటికి వాయిదా వేయొద్దు. ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నా గోడు బ్యాటరీ బొమ్మ గురించి.

గడిచిన సంక్రాంతి కాదు, అంతకు ముందుది. హైదరాబాద్ నుంచి భీమవరం బయల్దేరాం. పండక్కి పిలవడానికి వచ్చిన మామగారు కూడా మాతోనే. పంతంగి టోల్ దగ్గరి రద్దీలోనే చీకటి పడింది. కొర్లపహాడ్ టోల్ దాటాక, "అల్లుడుగారూ, అదేదో ఎర్రగా వెలుగుతోంది, చూశారా?" అన్నారాయన. "బ్యాటరీ ఆరు నెలల క్రితమే కొత్తది వేయించానండీ, ఏం కాదు" అన్నాను.

సూర్యాపేటలో టీ కోసం ఆగి ఇంజిన్ ఆపేశాను. అక్కడే చెడింది. మళ్లీ తాళం తిప్పితే టక్ టక్‌మని ఊరుకుంది. దగ్గర్లోని బ్యాటరీ షాపతను వచ్చి, బానెట్ ఎత్తకముందే "బ్యాటరీ పోయింది సార్" అని తేల్చేశాడు. వెనక పిల్లలు ఏడుస్తున్నారు, మామగారు గడియారం చూసుకుంటున్నారు. బేరమాడకుండా 5,500 ఇచ్చాను. పాతదాన్ని ఎక్స్ఛేంజ్ కింద 800కి తీసుకున్నాడు. బండి స్టార్ట్ అయింది గానీ ఎర్ర లైటు ఆరలేదు. "కొంచెం దూరం పోతే అదే పోతది సార్" అన్నాడు. నమ్మాను.

మునగాల దగ్గరికొచ్చేసరికి హెడ్‌లైట్లు కిరసనాయిలు బుడ్లలా అయిపోయాయి. స్టీరింగ్ రాయిలా బిగిసింది. ఏబీఎస్ లైటు, ఎయిర్‌బ్యాగ్ లైటు, ఇంకా నేను పుట్టి బుద్ధెరిగి చూడని బొమ్మలు ఒక్కసారే వెలిగి, బండి ఆగిపోయింది. గంట క్రితం కొన్న బ్యాటరీ! జాతీయ రహదారి హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేస్తే టోయింగ్ బండి వచ్చి కోదాడలో దించింది.

పొద్దున్న అక్కడి మెకానిక్ వేరే బ్యాటరీ తగిలించి ఇంజిన్ స్టార్ట్ చేసి మీటరు పెట్టాడు. 14 వోల్టుల దగ్గర ఉండాల్సింది 11.6 చూపించింది. "డైనమో చార్జింగ్ చేస్తలేదు సార్. కార్బన్లు అరిగినయ్. బ్యాటరీది తప్పేం లేదు" అన్నాడు. ఇంజిన్ నడుస్తుంటే కరెంటు పుట్టించి బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ని మన మెకానిక్కులు డైనమో అంటారు లెండి. కార్బన్లంటే అందులోని బ్రష్‌లు. కార్బన్లు మార్చి, కూలితో కలిపి 900 తీసుకున్నాడు.

ఆ బ్యాటరీ బొమ్మకు అసలు అర్థం ఏమిటంటే, జీతం ఆగిపోయింది, దాచుకున్న డబ్బుతో ఇల్లు గడుస్తోందని. కాబట్టి ఖర్చు తగ్గించాలి. ఏసీ, పాటలు, ఫోన్ చార్జర్ అన్నీ కట్టేయండి. మెకానిక్ దగ్గరికి చేరేదాకా టీ కోసం కాదు, దేనికోసమూ ఇంజిన్ ఆపొద్దు. ఒక్క మినహాయింపు: వేడి చూపించే ముల్లు పైకి పోతుంటే మాత్రం ఆపేయాల్సిందే. చాలా కార్లలో డైనమోను తిప్పే బెల్టే ఇంజిన్‌ని చల్లబరిచే నీటి పంపునూ తిప్పుతుంది, బెల్టు తెగిందంటే రెండూ ఆగిపోయినట్టే.

లైసెన్సు పరీక్షలో రోడ్డు పక్క గుర్తులన్నీ అడిగారు. కళ్ల ముందు వెలిగే బొమ్మల గురించి ఒక్క ప్రశ్న లేదు. కారుతో ఇచ్చిన పుస్తకం చూద్దామంటే చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు. కొత్త కార్లలో టీవీ అంత స్క్రీన్ పెడుతున్నారు కదా, "డైనమో పని చేయడం లేదు, బ్యాటరీ కొనకు" అని తెలుగులో ఒక్క ముక్క రాస్తే ఏం పోతుంది? షాపుల్లో అమ్ముడయ్యే కొత్త బ్యాటరీల్లో సగం డైనమో చేసిన తప్పుకు కొన్నవేనని నా గట్టి నమ్మకం. లెక్కలు అడగొద్దు.

సూర్యాపేటలో 800కి పోయిన పాత బ్యాటరీకి అప్పటికి ఇంకా రెండున్నరేళ్ల వారంటీ మిగిలి ఉంది. ఆ కార్డు ఇప్పటికీ నా కారు సొరుగులోనే ఉంది. ఎదురుపడినప్పుడల్లా మామగారు దాని సంగతి అడుగుతుంటారు.