బీట్‌రూట్ అంటే కొందరికి ఎందుకు పడదు?

ఒకే ఇంట్లో ఒకరు బీట్‌రూట్ ఇష్టంగా తింటే, ఇంకొకరు వాసనకే మొహం తిప్పుకుంటారెందుకని అడిగారు. ప్రధాన కారణం జియోస్మిన్ అనే పదార్థం. తొలకరి చినుకులకు లేచే మట్టివాసనలో ఉండేది ఇదే. బీట్‌రూట్‌లో, ముఖ్యంగా తొక్కలో, ఇది ఉంటుంది. లక్ష కోట్ల వంతుల్లో కొద్ది వంతులున్నా మన ముక్కు దీన్ని పసిగడుతుంది. ఆ శక్తి అందరికీ ఒకేలా ఉండదు. కాబట్టి "మట్టి తిన్నట్టుంది" అనే పిల్లాడు పేచీ పెట్టడం లేదు, నిజమే చెబుతున్నాడు. దయచేసి తిట్టి తినిపించకండి.

దానికి తోడు, కారంగా ఉండాల్సిన కూరలో తీపి తగలడం చాలామందికి నచ్చదు.

పులుపు తగిలితే జియోస్మిన్ విడిపోయి మట్టివాసన తగ్గుతుంది. తొక్క మందంగా చెక్కేసి, వేపుడు దించాక నిమ్మరసం పిండండి. చింతపండు వేసి రోటిపచ్చడి చేసినా బాగుంటుంది. నన్నడిగితే ముందు పెరుగుపచ్చడే చేసి చూడమంటాను: తురుము మగ్గించి, చల్లారాక పుల్లటి పెరుగులో కలిపి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువతో తాలింపు పెట్టండి.

తిన్నాక కొందరికి మూత్రం ఎర్రగా వస్తుంది. అది బెటానిన్ అనే రంగు, కంగారు అక్కర్లేదు. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లున్నవారు మాత్రం డాక్టర్‌ని అడిగే తినాలి.