ఇంగ్లండ్‌లో ‘సర్’ బిరుదు పొందిన మొదటి నటుడు ఎవరు? ఆయన సమాధి ఎక్కడుంది?

హెన్రీ ఇర్వింగ్. సమాధి లండన్‌లో, వెస్ట్‌మినిస్టర్ అబ్బే అనే పెద్ద చర్చిలో, కవుల సమాధులుండే పోయెట్స్ కార్నర్‌లో ఉంది. కట్టడం లాంటిదేదో ఉంటుందని వెతక్కండి, నేలలో పరిచిన పలక అంతే. నేను గోడల మీది విగ్రహాలు చూస్తూ దాని మీదుగానే రెండుసార్లు నడిచాను. మా నాన్నగారే పేరు చదివి, ‘‘ఒరే, కాలు తియ్యి’’ అన్నారు. ఎదురుగా షేక్‌స్పియర్ విగ్రహం, పక్కన 1779లో పోయిన నటుడు డేవిడ్ గారిక్ పలక. ఇవే గుర్తులు.

నాన్నది తెనాలి. రంగస్థలం మీద స్థానం నరసింహారావు గారి సత్యభామ వేషాన్ని కళ్లారా చూసిన మనిషి. 1956లో స్థానం వారికి పద్మశ్రీ వచ్చిందని ఇప్పటికీ ఇంట్లో మనిషికి వచ్చినట్టే చెబుతారు. అలాంటాయన నాటకాలాడేవాణ్ణి రాజులు, కవుల మధ్య పెట్టారంటే ఊరికే కదులుతారా? అక్కడే నిలబెట్టి కథంతా చెప్పించుకున్నారు.

ఇర్వింగ్ 1838లో సోమర్‌సెట్‌లోని ఓ పల్లెలో పుట్టాడు. అసలు పేరు జాన్ హెన్రీ బ్రాడ్రిబ్. పదిహేనేళ్లు ఊరూరా తిరిగాక, 1871 నవంబర్ 25న లండన్‌లోని లైసియం థియేటర్‌లో ‘ది బెల్స్’ నాటకం ఆడి ఒక్క రాత్రిలో పేరు కొట్టేశాడు. ఆ రాత్రే ఇంటికెళ్తుంటే బండిలో భార్య ‘‘బతుకంతా ఇలాగే నవ్వులపాలవుతావా?’’ అందట. బండి ఆపించి దిగిపోయి, మళ్లీ ఆ ఇంటి గడప తొక్కలేదంటారు. విడాకులు మాత్రం లేవు. 1895లో విక్టోరియా రాణి ఆయన్ని ‘సర్’ చేసినప్పుడు లేడీ ఇర్వింగ్ అనిపించుకున్నది ఆ భార్యే! మా నాన్న పగలబడి నవ్వింది ఇక్కడే.

1905 అక్టోబర్ 13న బ్రాడ్‌ఫర్డ్‌లో ‘బెకెట్’ నాటకం ఆడాడు. ‘ప్రభూ, నీ చేతుల్లోకి’ అనే మాటలతో పాత్ర చనిపోతుంది. తెర పడ్డాక హోటల్‌కి చేరాడు, అక్కడే ప్రాణం పోయింది. దేహాన్ని దహనం చేసి, అస్థికలను అబ్బేలో ఉంచారు. ఇంగ్లండ్‌లో అప్పటికి దహనం అరుదు. ‘‘మన పద్ధతే కదరా’’ అని నాన్న మళ్లీ వంగి ఆ పలకను చూసుకున్నారు.

ఇర్వింగ్ సరసన ఇరవై ఏళ్లకు పైగా నాయికగా నటించిన ఎలెన్ టెర్రీ అస్థికలు కోవెంట్ గార్డెన్‌లోని సెయింట్ పాల్స్ చర్చిలో, గోడలో వెండి పాత్రలో ఉన్నాయి. నన్నడిగితే అబ్బే కంటే అదే ప్రశాంతం.

అబ్బేలోకి టికెట్ ఉంటుంది, ఆదివారాలు ప్రార్థనలకే తప్ప చూడటానికి రానివ్వరు. ఆ రోజే వెళ్తే నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ పక్కన, చేరింగ్ క్రాస్ రోడ్డు మీద ఇర్వింగ్ నిలువెత్తు విగ్రహం చూడండి. నటులే చందాలు వేసుకుని 1910లో పెట్టించారు. దానికి టికెట్ లేదు.