కోసిగి బడిలో పదో తరగతి లెక్కలు చెప్పే కొత్త టీచరమ్మకు

చి. సుజాతకు ఆశీస్సులు.

సిలబస్ తొందరగా ముగించి రోజూ పరీక్ష పెట్టమంటున్నారని రాశావు. రోజూ వద్దమ్మా. పేపర్లు దిద్దేసరికి రాత్రవుతుంది, తప్పులు చెప్పాల్సిన పీరియడ్‌ని మరుసటి రోజు పరీక్షే తినేస్తుంది. వారానికి రెండు స్లిప్ టెస్టులు చాలు. ఐదు ప్రశ్నలు, ఇరవై నిమిషాలు, మిగిలిన టైమంతా తప్పులకే. మార్కుల పట్టీ గోడకు అంటించొద్దు. ఏ తప్పు ఎంతమంది చేశారో నీ డైరీలో రాసుకో.

స్తూపం (సిలిండర్) లెక్కే తీసుకో. వ్యాసం 14 సెం.మీ., ఎత్తు 10 సెం.మీ. అయితే ఘనపరిమాణం 1540 ఘ.సెం.మీ. వ్యాసాన్ని సగం చేయకుండానే సూత్రంలో వేసి 6160 తెచ్చేవాళ్లు ప్రతి క్లాసులో ఉంటారు. సూత్రం నోటికొచ్చు, బొమ్మ గీయలేదు, అదీ సంగతి. ఆ కొలతలున్న గిన్నె చూపించి, ఇందులో ఆరు లీటర్ల నీళ్లు పడతాయా అని అడుగు. లీటరున్నరే పడుతుందని వాళ్లే చెబుతారు. బొమ్మ, దాని మీద కొలతలు, ఆ తర్వాతే సూత్రం. ఈ అలవాటు లేని పిల్లలు గైడులోని లెక్కకే అంకెలు మార్చినా చేతులెత్తేస్తారు.

పబ్లిక్ పరీక్ష పేపరు చూసి భయపడాల్సిన పని లేదు. 1 మార్కువి 12, 2 మార్కులవి 8, 4 మార్కులవి 8, 8 మార్కులవి 5. చిన్న ప్రశ్నలకే 28 మార్కులు. వెనకబడ్డవాళ్ల చేత 'ఇంపార్టెంట్లు' బట్టీ పట్టించే బదులు ప్రతి పాఠంలో తొలి లెక్కలు చేయించు. దానికి తోడు ఒక గ్రాఫు సొంతంగా గీయగలిగితే 35 దాటుతారు.

స్పెషల్ క్లాసుల కోసం తొమ్మిదో తరగతి పీరియడ్లు మాత్రం లాక్కోవద్దు. వచ్చే ఏడాది ఆ లోటు పూడ్చాల్సింది నువ్వే. ఆటల పీరియడ్‌నూ ముట్టుకోకు.

ఇక మీ వైపు అసలు చిక్కు వలసలు. పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్లే ఇళ్ల పిల్లల లిస్టు ముందే తయారు చేసుకో. హెడ్మాస్టరుతో చెప్పి, పిల్లల్ని సీజనల్ హాస్టల్లో ఉంచే వీలుందేమో ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో అడిగించు. అయినా వెళ్లిపోయి తిరిగొచ్చిన పిల్ల ముందు ఆ రోజే ప్రీఫైనల్ పేపరు పెట్టొద్దు. తప్పిపోయిన పాఠాల్లో రెండో మూడో ఎంచుకుని, వేరే నోటుబుక్కు పెట్టించి, రోజుకు నాలుగు లెక్కలు నీ ఎదుటే చేయించు.

ఇట్లు,
మీ పెద్దసారు