మేనమామను చేసుకుంటే హీమోఫిలియా వస్తుందా?

ప్రొద్దుటూరులో మా అక్క మేనమామనే చేసుకుంది, కొడుక్కి హీమోఫిలియా (రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ 8 అనే ప్రోటీన్ లోపం), మేనరికం వల్లేనా అని అడిగారు.

కాదండీ. హీమోఫిలియాకు కారణమయ్యే ఫ్యాక్టర్ 8, 9 జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. మగపిల్లాడికి అది తల్లి నుంచే వస్తుంది. తండ్రి మేనమామైనా, పరాయివాడైనా ఒకటే. దాదాపు మూడో వంతు కేసుల్లో ఇంట్లో ముందెవరికీ ఉండదు కూడా. పాపం, నింద మాత్రం తల్లికే!

మేనరికంతో ముప్పు పెరిగేది ఫ్యాక్టర్ 13 లాంటి అరుదైన లోపాలకు. వాటికి తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ దెబ్బతిన్న జన్యువు రావాలి. పసిబిడ్డకు బొడ్డు దగ్గర రక్తం ఆగకుండా ఊరుతుంటే అనుమానించాలి. చిక్కేమిటంటే, ఈ లోపంలో రక్తం గడ్డకట్టే సమయం చూసే మామూలు పరీక్షలు పీటీ, ఏపీటీటీ రెండూ నార్మల్‌గానే వస్తాయి. ఫ్యాక్టర్ 13 పరీక్ష విడిగా చేయించాల్సిందే.

మీ అక్క కొడుక్కి మాత్రం డాక్టరును అడక్కుండా ఆస్పిరిన్ ఇవ్వకండి, కండకు సూది వేయించకండి.