సర్వేయర్ లెక్క మీద పోరాడండి, నూటికి మూడు వడ్డీకి తెచ్చి కాదు

ప్రశ్న: ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపూర్‌లో నాకు కిరాణా హోల్‌సేల్ దుకాణం ఉంది. ఈ వానాకాలంలో గోదాములోకి మోకాలి లోతు నీళ్లొచ్చి పంచదార, పప్పులు, రవ్వ, గోధుమపిండి పాడయ్యాయి. సరుకు మీద బ్యాంకు ఇచ్చే అప్పు, నా సీసీ లిమిట్ 12 లక్షలు. బ్యాంకు వాళ్లే అంత మొత్తానికి బీమా చేయించారు. 8 లక్షలకు క్లెయిమ్ పెడితే, నష్టం అంచనా వేయడానికి వచ్చిన సర్వేయర్ 6 లక్షలే అన్నారు. కంపెనీ చివరికి 3.5 లక్షలు ఇస్తామంటోంది. అమెరికాలో ఉన్న మా అల్లుడు, అక్కడైతే అప్రైజల్ అడగొచ్చని చెప్పాడు. ఇక్కడా అడగొచ్చా? అది తేలేదాకా సరుకు నింపుకోవడానికి నూటికి మూడు వడ్డీకి 5 లక్షలు తెద్దామనుకుంటున్నాను.

జవాబు: ముందు ఆ అప్పు ఆలోచన పక్కన పెట్టండి. కారణం మీ ఉత్తరంలోని అంకెల్లోనే ఉంది.

6 లక్షల నష్టానికి మూడున్నరే ఎందుకిస్తున్నారో మీకెవరూ చెప్పినట్టు లేదు. ప్రతి నెలా బ్యాంకుకు ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌లో మీరు 20 లక్షల సరుకు చూపిస్తున్నారని ఉత్తరం చివర రాశారు. బీమా 12 లక్షలకే ఉంది. అంటే సరుకులో 60 శాతానికే బీమా ఉన్నట్టు. అందుకని నష్టంలోనూ 60 శాతమే ఇస్తారు. 6 లక్షల్లో అది 3.6 లక్షలు, పాలసీ ప్రకారం మీరే భరించాల్సిన మినహాయింపు పోను మీకు చెప్పిన మొత్తం. మీలాంటి చిన్న వ్యాపారులకు ఇచ్చే భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీలో బీమా 15 శాతం వరకు తక్కువైనా పట్టించుకోరు. మీది 40 శాతం తక్కువ. బ్యాంకు చేయించిన బీమా బ్యాంకు అప్పును కాపాడుకోవడానికే. మీ సరుకంతటికీ అది సరిపోతుందా లేదా అన్నది చూసుకోవాల్సింది మీరే. సరిహద్దు ఊళ్ల నుంచి వచ్చే ఉత్తరాల్లో నాకు తరచూ కనిపించే తప్పు ఇదే. మీ ప్రశ్నకు ఇక్కడ జవాబివ్వడానికి కారణం కూడా అదే.

ఇప్పుడు పోరాటం సంగతి. ఎంత గొప్ప వాల్యుయర్‌ని పెట్టినా ఆ 60 శాతం మారదు. నష్టం 6 కాదు, 8 లక్షలేనని మీరు పూర్తిగా రుజువు చేసినా వచ్చేది 4.8 లక్షలు. అంటే మీరు కొట్లాడుతున్నది 1.2 లక్షల కోసం. 5 లక్షలకు నూటికి మూడు చొప్పున నెలకు వడ్డీ 15 వేలు. ఎనిమిది నెలలు గడిస్తే మీరు గెలవబోయే సొమ్మంతా వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. ఏడాదికి 36 శాతం వడ్డీ కట్టి కిరాణాలో లాభం మిగుల్చుకున్నవాళ్లు ఎవరున్నారండీ? మూలిగే నక్క మీద తాటిపండు పడేయకండి.

మీ అల్లుడు చెప్పింది అమెరికా పాలసీల్లో ఉండే ఏర్పాటు. చెరో అప్రైజర్‌ని పెట్టుకుంటారు, వాళ్లిద్దరూ కలిసి ఒక అంపైర్‌ని ఎంచుకుంటారు, ముగ్గురిలో ఏ ఇద్దరు ఒప్పుకున్న మొత్తమైనా ఖాయం. అక్కడ కూడా ఎవరి అప్రైజర్ ఫీజు వారిదే, అంపైర్‌ది చెరి సగం. నష్టం ఎంత అన్నదే వాళ్లు తేలుస్తారు, పాలసీ షరతుల జోలికి పోరు. వరద నష్టానికీ వర్తించే మన ఫైర్ పాలసీల్లో దీనికి దగ్గరగా ఉండేది ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పు నిబంధన. 2023 అక్టోబరులో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దాన్ని మార్చేసింది. ఇప్పుడు వ్యాపార పాలసీల్లో మీరూ కంపెనీ ఇద్దరూ విడిగా ఒప్పందం రాసుకుంటేనే ఆర్బిట్రేషన్. 1.2 లక్షల కోసం ఆ ఖర్చు దండగ.

మీకు సరిపోయే దారి బీమా అంబుడ్స్‌మన్, అంటే బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి. ముందు సర్వే రిపోర్టు కాపీ రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. అందులో ఏ సరుకు ఎంత తగ్గించారో వరస వారీగా ఉంటుంది. నీళ్లు తగలని పై వరస బస్తాలను ‘బాగున్నవి’గా రాసి ఉంటే అక్కడ పట్టుకోండి. చెమ్మ పీల్చుకున్న రవ్వ, పిండి వారానికే పురుగు పడతాయి. వాటిని దాణా కింద అమ్మి ఉంటే ఆ కాటా చీటీలు, కొన్నవాళ్ల రసీదులు, తేదీ కనిపించే ఫొటోలు, కొనుగోలు బిల్లులు కలిపి కంపెనీ ఫిర్యాదుల విభాగానికి పంపండి. అయితే మీ 8 లక్షలు అమ్మకం ధరకు కట్టిన లెక్క అయితే ముందే సరిచేసుకోండి. పాలసీ ఇచ్చేది కొన్న ధర.

నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా తీర్పు ఇవ్వగలరు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. మీ ఇల్లు, పాలసీ ఇచ్చిన శాఖ రెండూ ఒడిశాలోనే ఉన్నాయి కాబట్టి భువనేశ్వర్ కార్యాలయానికే పంపాలి, తెలుగులో మాట్లాడొచ్చని హైదరాబాద్‌కు పంపకండి. వినియోగదారుల కమిషన్ కూడా ఉంది, కానీ అక్కడ ఆలస్యం ఎక్కువ. సర్వేయర్ రిపోర్టే చివరి మాట కాదని 2009లో ప్రదీప్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, మీ ఉత్తరంలో అది రాయండి. ఒప్పుకున్న 3.5 లక్షలు ముందు ఇవ్వమని, మిగతా దానిపై అభ్యంతరం ఉందని రాసివ్వండి. ‘పూర్తి, తుది పరిష్కారం’ అన్న కాగితం మీద మాత్రం తొందరపడి సంతకం పెట్టకండి.

చాలామంది ఆ సంతకం పెట్టేస్తారు. తెలియక కాదు, ఇంట్లో రూపాయి లేక. క్లెయిమ్ తగాదాలో నిలబడేది ఆరు నెలలు ఆగగలిగినవాడే. 20 లక్షల సరుకు ఉన్న మీ దగ్గర, దుకాణం మూతపడితే నెల గడిచే డబ్బు విడిగా లేదు. ఉన్నదంతా సరుకులో, సీసీలో తిప్పడం వ్యాపారం అనుకుంటున్నారు. ఆరు నెలల ఇంటి ఖర్చు, గోదాము అద్దె, పనివాళ్ల జీతాలు కలిపి వేరే బ్యాంకులో ఎఫ్‌డీగా ఉండాలి. ఏ సీజన్ వచ్చినా, ఎంత మంచి బేరం వచ్చినా దాన్ని ముట్టుకోకూడదు. వంశధార పక్కన దుకాణం పెట్టుకుని, 2018లో తిత్లీ తుపాను చూసి కూడా ఇది లేకుండా ఎలా ఉన్నారండీ?

ఇప్పటికి సగం సరుకుతోనే తెరవండి. పాత డీలర్లను నెల రోజుల అరువు అడగండి. సీసీ గడువు, వాయిదాలు సర్దమని మేనేజర్‌కు అర్జీ పెట్టండి. తప్పదనుకుంటే బ్యాంకులో బంగారం పెట్టండి, వడ్డీ మీరు అనుకుంటున్న దానిలో మూడో వంతు దాటదు. పాలసీ మొత్తాన్ని మాత్రం రెన్యువల్ దాకా ఆగకుండా ఈ నెలలోనే పెంచమని అడగండి. సీసీ లిమిట్ చూసి కాదు, దసరా ముందు గోదాము నిండినప్పుడు ఎంత సరుకు ఉంటుందో ఆ లెక్కకు.