మా బ్రూనో గోకుడికి పెరుగన్నమే కారణమా?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మాది కావలి. మా ల్యాబ్రడార్ బ్రూనోకి నాలుగేళ్ళు. రెండేళ్ళుగా ఇదే తంతు, అక్టోబర్‌లో వానలు పట్టుకున్నాయంటే పాదాలు నాక్కోవడం, పొట్ట కింద ఎర్రగా కందిపోవడం, చెవులు టపటపా దులుపుకోవడం, సంక్రాంతి దాటాక తగ్గిపోయేది. ఈసారి ఎండాకాలం వచ్చినా తగ్గలేదు. సూది వేయిస్తే మూడు వారాలు హాయిగా ఉంటాడు, మళ్ళీ మామూలే. పొద్దున పెరుగన్నం, రాత్రికి కోడి కాళ్ళు తలకాయలు ఉడకేసి అన్నంలో కలిపి పెడతాం, ఆదివారం చేప తలలు. ఒకరేమో పెరుగు మానేయమంటారు, ఒకరు చికెన్ వేడి చేస్తుందంటారు, ఇంకొకరు అసలు అన్నమే పెట్టొద్దంటారు. ఏది మానాలండీ?

– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, మీరు రాసినదాంట్లో నాకు బాగా పనికొచ్చిన ముక్క "ఈసారి ఎండాకాలం వచ్చినా తగ్గలేదు" అనేది. వానల్లో మొదలై సంక్రాంతికి పోయే దురద అంటే ముందు అనుమానించాల్సింది గాలిని, గడ్డిని, ఇంట్లో చెమ్మకి పట్టే బూజుని. మన వైపు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వాన కదా, ఆ తడికి ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ నడుమెత్తు పెరుగుతుంది, వీడు వాకింగ్‌కి పోయి అందులో దొర్లి వస్తాడు. తిండి అలర్జీకి కార్తెలు తెలీవు, తిన్నన్నాళ్ళూ ఉంటుంది. కాకపోతే రెండూ కలిసే కుక్కలు కూడా బాగానే ఉన్నాయి, మీవాడు ఆ బాపతేమో చూడాలి.

ఇక చికెన్ వేడి చేయడం అనే మాట పక్కన పెట్టేయండి. వేడికీ దీనికీ సంబంధం లేదు, ఒళ్ళు ఒక ఫలానా ప్రోటీన్‌ని శత్రువనుకుని తిరగబడటమే అలర్జీ. కుక్కల్లో ఎక్కువగా దొరికే దొంగలు గొడ్డు మాంసం, పాల పదార్థాలు, కోడి, గోధుమ. అన్నం మీద నింద వేస్తారు గానీ బియ్యం పడని కుక్కలు తక్కువే. పాలు పడవని చెప్తే మాత్రం మనవాళ్ళు నమ్మరు, పెరుగు చలవ కదా అంటారు. చలవే, కానీ పాల ప్రోటీన్ పాల ప్రోటీనే.

ముందు ఒక పని చేయండి. వాడి తోక మొదట్లో, చెవుల వెనక, వేళ్ళ సందుల్లో బొచ్చు పాయలు తీసి చూడండి, పేలు గోమార్లు ఉన్నాయేమో. పేల అలర్జీ ఉన్న కుక్కకి ఒకటీ అరా కుట్టినా చాలు రోజులు తరబడి గోక్కుంటుంది. చెవి వాసన చూడండి, పులిసిన పిండి వాసన వస్తే లోపల ఫంగస్ ఉంటుంది, దానికి వైద్యం చేయకుండా తిండి మారిస్తే ఏమీ తేలదు. ఇవి సర్దుకున్నాకే తిండి పరీక్ష.

ఆ పరీక్ష ఏంటంటే, వాడు పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ తినని ఒక్క మాంసం, దాంతో ఒక్క దుంప, ఇవే ఎనిమిది వారాలు, ఇంకేమీ లేకుండా. వేరే ఊళ్ళలో చాలామంది డాక్టర్లు చేప పెట్టమంటారు. నెల్లూరు కుక్కకి చేప కొత్తేంటండీ, మీవాడు పిల్లప్పటి నుంచి ఆదివారం చేప తలలు తింటున్నాడు, కాబట్టి చేప లెక్కలోకి రాదు. కోడి తింటున్నాడు కాబట్టి బాతు, కంజు పిట్ట కూడా వద్దు, కోడికి దగ్గర చుట్టాలు. పాల మీద అనుమానం ఉంది కాబట్టి మేక మాంసం మీద కూడా నాకు పూర్తి నమ్మకం లేదు. పందిమాంసం మంచిదే, మీ ఇంట్లో వండనిస్తారో లేదో మీకే తెలియాలి! కుదరకపోతే హైడ్రోలైజ్డ్ ఫుడ్ అని ప్రోటీన్‌ని ఒళ్ళు గుర్తుపట్టలేనంత చిన్న ముక్కలు చేసిన మేత ఉంటుంది, డాక్టర్ రాసిస్తారు, ఖరీదెక్కువ. ఇంట్లో వండితే తోడుగా గెనుసుగడ్డ ఉడకబెట్టండి, ఉప్పు కారం పసుపు ఏమీ లేకుండా. పెద్ద కుక్కకి పరీక్ష నడిచినన్నాళ్ళు ఇది సరిపోతుంది గానీ అదే ఏళ్ళ తరబడి పెట్టకూడదు, కాల్షియం చాలదు. కుక్కపిల్లలకైతే డాక్టర్ చెప్పకుండా అసలు మొదలుపెట్టొద్దు.

చెప్పడానికి ఎనిమిది వారాలు గానీ ఇది ఇంట్లో జనంతో పని. నా దగ్గరికి కందుకూరు నుంచి ఒక కుక్క వచ్చేది, ఆరు వారాలు బంగారంలా ఉంది, పాదాల మీద బొచ్చు మళ్ళీ వచ్చింది, ఏడో వారం ఒకే రాత్రిలో పొట్టంతా రక్కేసుకుంది. ఇంట్లో అందరినీ అడిగా, ఎవరూ ఏమీ పెట్టలేదంటారు. చివర్లో అవ్వ గారు మెల్లగా అన్నారు, "నేనేం పెట్టలా నాయనా, బిళ్ళ మింగట్లేదని పాలకోవాలో చుట్టి ఇచ్చా అంతే." రోజూ, వారం పాటు! నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు, కానీ ఆ పాలకోవాతోనే మా పరీక్ష తేలిపోయింది. మీరు కూడా బిస్కెట్లు, నమిలే బొమికలు, మాంసం రుచి వేసిన గోమారు బిళ్ళలు, పిల్లోడి చేతిలోంచి కింద పడే బన్ను ముక్క, అన్నీ లెక్కలోకే తీసుకోండి.

సూది విషయం. స్టెరాయిడ్ సూది పవరు ఉన్నన్నాళ్ళు దురద ఎలాగూ ఉండదు, తిండి వల్ల తగ్గిందో సూది వల్లో చెప్పలేం, అందుకే ఆ ప్రభావం దిగాక ఎలా ఉన్నాడో చూసే లెక్క వేయాలి. ఒకవేళ రోజూ బిళ్ళలు వాడుతుంటే సొంతంగా ఠక్కున ఆపొద్దు.

ఎనిమిది వారాలకి తగ్గిందనుకోండి, సంబరపడి అన్నీ ఒకేసారి పెట్టేయకండి. మొదట పెరుగొక్కటే కలపండి, రెండు వారాలు చూడండి. దురద తిరిగొస్తే పెరుగు దొంగ దొరికినట్టే, ఆపేసి వాడు మామూలయ్యాక కోడి పెట్టి చూడండి. ఏమాత్రం తగ్గకపోతే తిండిది తప్పు లేదు, హాయిగా పెరుగన్నం పెట్టుకోండి, అప్పుడు వానాకాలమే మన శత్రువు. వాకింగ్ నుంచి రాగానే కాళ్ళు కడిగి వేళ్ళ సందులు పొడిగా తుడవండి, వారానికోసారి స్నానం, వాడు పడుకునే గోనెపట్టా వేడినీళ్ళలో ఉతకండి. చేప నూనె కొందరికి మేలు చేస్తుంది గానీ రెండు మూడు నెలలు వాడాలి, తిండి పరీక్ష జరిగేటప్పుడు మాత్రం మొదలుపెట్టొద్దు.

ప్రశ్న: రక్తం తీసి అలర్జీ టెస్ట్ చేస్తే ఏ తిండి పడదో తేలిపోతుందంట కదా, ఈ ఎనిమిది వారాల గొడవెందుకు?

– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: తేలదండీ. తిండి అలర్జీకి రక్తం, వెంట్రుక, లాలాజలం టెస్టులు ఏవీ నమ్మదగ్గవి కావు, బాగా పడే వాటిని కూడా పడవని చూపిస్తాయి. పుప్పొడి, దుమ్ము పురుగుల అలర్జీకి డీసెన్సిటైజేషన్ సూదులు, అంటే ఒంటిని వాటికి మెల్లగా అలవాటు చేసే సూదులు, మొదలుపెట్టాలంటే రక్తపరీక్షో చర్మపరీక్షో పనికొస్తుంది, అది వేరే సంగతి. ఆ డబ్బుతో రెండు నెలల మేత కొనుక్కోండి.

ప్రశ్న: మర్నాటి చేపల పులుసు అడుగున మిగిలింది మా టామీకి అన్నంలో కలపొచ్చా? పిచ్చి ఇష్టం వాడికి.

– ఒక పాఠకుడు, కోవూరు

జవాబు: వద్దు. అలర్జీ సంగతి తర్వాత, అందులో ఉల్లిపాయ, వెల్లుల్లి ఉన్నాయి, అవి కుక్క రక్తంలో ఎర్రకణాలను పగలగొడతాయి, ఉడికించినా ఆ గుణం పోదు. మామిడికాయ వేసిన పులుసైతే టెంక కూడా గొంతుకో పేగుకో అడ్డం పడుతుంది. వాడికి చేప పడుతుందంటే పులుసులో వేయకముందే ఒక ముక్క పక్కన ఉడికించి ముల్లు తీసి పెట్టండి, ఆ పులుసు మీరే తినండి.